ముందు రెండు, వెనక రెండు

కారుకు రెండే కొత్త టైర్లు వేసి, నాలుగూ వేశామని నాతో చెప్పారు. ఆ మాట నమ్మి నేను బండి తోలాను. వానలో బండి వెనక భాగం జారి గుంతలోకి పోయింది, మా అక్క మణికట్టు విరిగింది. టైర్లు చేసిన పనిని తెచ్చి నా చేతుల మీద వేశారు. ముసలాయనకు చెయ్యి వణికిందన్నారు. నాకు జరిగిన అన్యాయం ఇదీ.

దీన్ని నేను తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో నా తరువాత పుట్టినవాళ్ళు మాట్లాడేది తెలుగే గాని చదివేది తమిళం. కాబట్టి నా కాగితాలు బల్ల మీద పడి ఉన్నా ఎవరూ చదవరు, అదొక సుఖం. నేనూ ఐదో తరగతి వరకు తమిళ బడిలోనే కూర్చున్నాను. తెలుగు అక్షరాలు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, నూలు చిలపలకు చుట్టి వచ్చిన పాత పేపరు ముక్కల మీద నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం కారు నేర్పింది.

కారు మా బావ కొన్నది. బావ అంటే అక్క మొగుడు, తిరువళ్ళూరులో పట్టుచీరల వ్యాపారి. మావి నేత కుటుంబాలు. ఆర్.కె.పేట చుట్టుపక్కల మగ్గాల మీద దిగిన చీరలు బావ అంగడికి చేరేవి. ఒక జమీందారు ఇంటి పంపకాల్లో ఎవరికీ అక్కరలేక మిగిలిపోయిన విలాయతి కారును ఆయన కొని, ఎద్దులు కట్టి ఇంటికి ఈడ్పించుకొచ్చాడు. అప్పటికే అది పాతది. పొడుగాటి ముక్కు, మడిచి వెనక్కు పడేసుకునే గుడ్డ కప్పు, వెనక చక్రాలను సగానికి పైగా దాచేసే వంపు రేకులు. ఆ రేకులు చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉండేవి. నా కొంప ముంచింది అవే.

బావకు తోలడం రాదు. బాగు చేయడం అసలే రాదు. బండితో పాటు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. నేను డిక్షనరీ ఒకటి సంపాదించి, ఆ పుస్తకాన్ని, ఆ బండిని పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. క్లచ్చి అనే మాటకు డిక్షనరీలో గట్టిగా పట్టుకొనుట అని ఉంది. పట్టుకునేది ఎవరు, దేన్ని పట్టుకుంటాడు అని చాలా రోజులు కొట్టుకున్నాను. కడకు ఇంజనుకు, చక్రాలకు మధ్య ఉన్న పళ్ళెం విప్పి చూస్తే గాని ఆ మాటకు అర్థం తెలియలేదు. నా చదువంతా ఇట్లాంటిదే. విప్పి చూసిందే నాకు వచ్చింది. మగ్గం దిగి బండి ఎక్కినవాణ్ణి మళ్ళీ మగ్గం ఎక్కలేదు.

మా వైపు పెళ్ళికి ముందు రోజు సాయంత్రం పెళ్ళికొడుకును గుడి నుంచి మండపానికి కారులో ఊరేగించి తెస్తారు. దాన్ని మేము తమిళంలోనే మాప్పిళ్ళ అళైప్పు అంటాము. ముందు నాదస్వరం, డోలు. వెనక బండి. నాదస్వరం ఆయన ఒకచోట నిలబడి రాగం అందుకుంటే బండి నిలవాలి, ఆయన అడుగు తీస్తే బండి అడుగు తీయాలి. రోడ్డు మీద వేగంగా పోవడం ఎవడైనా పోతాడు. క్లచ్చి మాడ్చకుండా, కుదుపు లేకుండా, మాల వేసుకున్నవాడి తలపాగా కదలకుండా మనిషి నడకలో బండిని నడిపించేవాడు డ్రైవరు. మా కుటుంబాల్లో ఇప్పుడు తాతలైనవాళ్ళు కూడా నా వెనక సీట్లో మెడ నిండా మాలలతో, చెమటలు కక్కుతూ కూర్చున్నవాళ్ళే. ఒక పెళ్ళికొడుకు భయం పట్టలేక బండి ఆపమని నా భుజం గిల్లాడు కూడా. ఆపలేదు. ఇప్పుడు ఆయన మనవరాలికి పెళ్ళి చూపులు జరుగుతున్నాయి.

బావ పోయే ముందు మంచం పక్కన అక్క ఉంది, వాళ్ళ కొడుకు ఉన్నాడు, నేనున్నాను. అంగడి సంగతి, ఇంటి సంగతి అన్నీ చెప్పి కడపట కారు మాట ఎత్తాడు. కొడుకుతో అన్నాడు: "మీ మామ స్టీరింగు పట్టుకునేంత వరకు ఆ బండి ఆయనదేరా. పట్టుకోలేని కాలం వస్తే అప్పుడు చూసుకోండి."

ఆ కొడుకే నా మేనల్లుడు. అంగడి ఇప్పుడు వాడిది, ఇల్లు వాడిది, కాగితం ప్రకారం కారు కూడా వాడిదే. నేను ఆ ఇంటి పెరట్లో కారు షెడ్డును ఆనుకున్న గదిలో ఉంటాను. నా భార్య పోయిన తరువాత అక్కే అక్కడికి రమ్మంది. వాడు చెడ్డవాడని చెప్పను. చిన్నప్పుడు వాణ్ణి ఆ కారులోనే పూండి చెరువు నిండితే చూపించడానికి తీసుకుపోయేవాణ్ణి. గేట్ల దగ్గర నీళ్ళ తుంపర మొహాన పడితే నా నడుము పట్టుకుని దాక్కునేవాడు. నాయన మాటను వాడు ఏనాడూ పైకి కాదనలేదు. అయితే ఇప్పటి వ్యాపారం వేరు, ఇప్పటి సంబంధాలు వేరు. వాడి కూతురికి చెన్నై సంబంధం కుదిరింది. ఆ వియ్యంకులు ఇంటికి వచ్చిన రోజు, వాళ్ళను స్టేషను నుంచి నేనే తీసుకొచ్చాను. పంచె మోకాళ్ళ మీదికి ఎగగట్టుకుని బండి దిగిన నన్ను చూసి ఆ వియ్యపురాలు, డ్రైవరుకు కాఫీ ఇవ్వండి అంది. అక్క నవ్వి, వాడు నా తమ్ముడు అని చెప్పింది. మేనల్లుడు నవ్వలేదు.

ఆ తరువాత వారంలో వాడు మెల్లగా కదిపాడు. పెళ్ళికి ఒక డ్రైవరును పెట్టుకుందాము, తెల్ల యూనిఫారం, టోపీ అన్నీ వేసుకుని వస్తాడు, ఫోటోలకు బాగుంటుంది, నేను వెనక సీట్లో రాజాలాగా కూర్చోవచ్చు అన్నాడు. యూనిఫారం అంటే నేనే కుట్టించుకుంటాలే, టోపీ నువ్వు కొనివ్వు అన్నాను. వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మాట ఎత్తకపోతే ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

ఇక టైర్ల సంగతి. కారుకున్న పాత టైర్లు అరిగిపోలేదు. నెలల తరబడి షెడ్డులో నిలబడి, నిలబడి, పక్కలు పగుళ్ళిచ్చాయి. మార్చాల్సిందేనని ముందుగా చెప్పింది నేనే. అయితే అవి పాత రకం, క్రాస్ ప్లై అంటారు. ఆ సైజులో ఆ రకం ఇప్పుడు దొరకదు. దొరికేవి రేడియల్. సరే, రేడియల్ అయినా పరవాలేదు అన్నాను. పాతదంతా మంచిది, కొత్తదంతా చెడ్డది అనే ముసలితనం నాకు లేదు. మద్రాసు పాత పుస్తకాల అంగళ్ళలో కొన్న ఇంగ్లీషు మోటారు పత్రికలు చదివి ఈ రెండింటి మర్మం నేను ఎప్పుడో తెలుసుకున్నాను.

నేతవాడికి అది చెప్పడం సులువు. గుడ్డను పడుగు వెంబడి పట్టి లాగండి, సాగదు. మూల పట్టి లాగండి, సాగుతుంది. పాత టైరులో దారాలు మూలవాటున ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోతాయి. పక్కలు బిర్రుగా ఉంటాయి. బండి మలుపు తిరిగితే టైరు మొత్తం ఒక పక్కకు ఒరిగి, నేలను అంచుతో మాత్రమే పట్టుకుంటుంది. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు నేరుగా పేకలాగా పోతాయి, పైన ఉక్కు తీగల పట్టీ. దాని పక్కలు మెత్తన. గాలి తక్కువైనట్టు కాస్త బొజ్జ పెట్టుకుని కనిపిస్తుంది గాని, బండి ఒరిగినా దాని అరికాలు నేలను వదలదు. రెండూ పనికొచ్చేవే. రెండింటినీ ఒకే బండికి కలిపితేనే ప్రమాదం. అందులోనూ నేలను గట్టిగా పట్టుకునేది ముందు, జారేది వెనక పెడితే, తడి రోడ్డు మీద ముందు చక్రాలు చెప్పిన మాట వింటాయి, వెనకవి వినవు. తోక వచ్చి తలను కొడుతుంది.

అందుకే మేనల్లుణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. పాత చక్రాలు కాబట్టి లోపల ట్యూబు తప్పదు. చక్రాల ఇనుము రేడియల్ లాగుడు తట్టుకుంటుందో లేదో చూడాలి అని నేనే నాలుగింటినీ విప్పి, సుత్తి పిడితో ఒక్కొక్కటి తట్టి చూశాను. పగులుంటే చప్పుడు అణిగిపోతుంది, లేకుంటే గంటలా మోగుతుంది. నాలుగూ మోగాయి. వేస్తే నాలుగూ వెయ్యి, లేదంటే పెళ్ళికి వేరే కారు చూసుకో అన్నాను. వాడు తల ఊపాడు. ఫోను చూసుకుంటూ ఊపాడు. అది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

ఆ మధ్యలో ఆర్.కె.పేటలో మా దాయాదుల్లో ఒక పెద్దావిడ పోతే, కర్మాంతరాలకని పోయి అక్కడే కొన్ని రోజులు ఉండిపోయాను. తిరిగి వచ్చేసరికి బండి షెడ్డులో కొత్త పెళ్ళికొడుకులా ఉంది. ముందు చక్రాలకు నిగనిగలాడే రేడియళ్ళు, కాస్త బొజ్జతో. వెనక చక్రాలు రేకుల చాటున నల్లగా మెరుస్తున్నాయి. నా మోకాళ్ళు వంగవు. వంగి రేకు కిందికి చూడాలంటే నేల మీద పడుకోవాలి. మేనల్లుణ్ణి అడిగాను, వెనకవి కూడా వేసినారా అని.

"అన్నీ వేసేసినాము మామా. నాలుగూ. గాలి గూడా చూసేసినారు" అన్నాడు.

ఆ మాట వాడు నా మొహం చూసే చెప్పాడు.

మరునాడు కృత్తిక, మురుగన్ నక్షత్రం. కొత్త టైర్లు వేసిన బండికి తిరుత్తణి కొండ కింద పూజ చేయించుకుని రావాలని అక్క పట్టు. ముగ్గురం బయలుదేరాము. నేను స్టీరింగు దగ్గర, పక్కన మేనల్లుడు, వెనక అక్క. పోయేటప్పుడు రోడ్డు పొడిగా ఉంది. తిరువళ్ళూరు దాటేలోపే నాకు ఏదో తేడా తెలిసింది. ముందు భాగం నా చేతిలో ఉంది, వెనక భాగం ఇంకెవరిదో అన్నట్టుంది. అడిగాను. కొత్త టైర్లు గదా మామా, కొంచెం పళక్కం కావాల అన్నాడు మేనల్లుడు. అలవాటు పడాల్సింది బండి కాదు, నేనని వాడి భావం. సరే అనుకున్నాను.

కొండ కింద పూజారి బండి ముక్కుకు చందనం పూసి, కుంకుమ పెట్టి, మాల వేశాడు. మా వాళ్ళ వాడుకలో నిమ్మకాయలు ముందు చక్రాల కిందనే పెడతారు. బండిని ముందుకు కదిపి తొక్కించాను. రెండూ పచక్కుమన్నాయి. అక్క దండం పెట్టుకుంది. ఆ నిమ్మకాయల్లోనే నా కర్మంతా ఉందని అప్పుడు నాకేం తెలుసు.

తిరుగు దారిలో కనకమ్మ సత్రం దగ్గరపడేసరికి వాన అందుకుంది. పెద్ద వాన కాదు, రోడ్డు మీది దుమ్మును జిగురు చేసే వాన. నేను వేగంగా పోవడం లేదు. వంపు దగ్గర ముందు పోతున్న చెరకు ట్రాక్టరు ఉన్నపళంగా నెమ్మదించింది. ఆక్సిలేటరు మీద కాలు తీసి, స్టీరింగు కొంచెం కుడికి తిప్పాను. ముందు చక్రాలు చెప్పినట్టే తిరిగాయి. అంతలో నా వీపు వెనక బండి లేదు. అది పక్కకు వచ్చేసింది. జారుతున్న వైపుకే స్టీరింగు తిప్పాను, అదే చేయాలి, బ్రేకు తొక్కలేదు, తొక్కకూడదు. అయినా ఆగలేదు. చెట్లు, ట్రాక్టరు, టీ కొట్టు అన్నీ ఒకసారి మా చుట్టూ తిరిగాయి. వెనక్కు వెనక్కు పోయి రోడ్డు పక్క గుంతలో తోక దించుకుని, ముక్కు పైకెత్తి బండి ఆగింది. బానెట్టు మీది చందనం కారుతోంది.

అక్క కేక వేయలేదు. చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. నేను దిగి వెనక తలుపు తీయబోతే వంపు రేకు ఊడి వేలాడుతూ కనిపించింది. దాని వెనక టైరు. వేలితో రుద్దాను. వేలికి నల్ల పాలిష్ అంటింది. కింద పగుళ్ళు, నాకు ఇంటి గోడలా తెలిసిన పగుళ్ళు. అవే పాత టైర్లు. పగుళ్ళు కనిపించకుండా రంగు పూశారు.

టీ కొట్టు దగ్గర నుంచి జనం పరుగెత్తుకొచ్చారు. ఏమైంది, ఎట్లయింది అని తమిళంలో అడుగుతున్నారు. నేను ఇంకా ఆ వేలు పట్టుకునే ఉన్నాను. నేను నోరు తెరిచే లోపే మేనల్లుడు వాళ్ళకు చెప్పాడు, నాకు వినపడేట్టుగానే, ఎంతో జాలిగా:

"మామాకు వయసాయిపోయె. కై నడుంగిడుచ్చు."

చెయ్యి వణికింది అని. ఆ రెండు తమిళ మాటలు నాకంటే ముందే ఇల్లు చేరాయి.

టైరు చూడరా అన్నాను. అమ్మ నొప్పితో ఉంది, ఇప్పుడు టైరా మామా అన్నాడు. అదీ నిజమే. ఎవరో వాళ్ళ వ్యానులో అక్కను పుత్తూరుకు తీసుకుపోయారు. మా ప్రాంతంలో ఎముక విరిగితే అందరూ పోయేది అక్కడికే. కట్టు కట్టించుకుని సాయంత్రానికి అక్క ఇంటికి వచ్చింది. చుట్టాలు చూడడానికి వచ్చారు. వచ్చినవాళ్ళు ముందు అక్క చెయ్యి చూశారు, ఆ తరువాత నా చేతులు చూశారు.

టైర్ల సంగతి చెప్పడానికి ఆ వారమంతా చూశాను. పాత టైరు అంటే పేలాలి గదా, పేలలేదే, గాలి కూడా పోలేదే అని మేనల్లుడు అందరి ముందూ అడిగాడు. వినేవాడికి అది న్యాయంగానే ఉంటుంది. కొత్తది ముందు, పాతది వెనక వేస్తే తప్పేముంది, మగ్గం పూజలో కూడా పేక దారం తోలే కొత్త నాడె ముందర, పాత నాడె వెనక పెడతాము గదా అని ఒక పెద్దమనిషి అన్నాడు. నేను తువ్వాలు తీసి పడుగు వెంబడి లాగి, మూల పట్టి లాగి చూపించాను. జీవితమంతా నేసిన మనుషులు. తువ్వాలు చూడలేదు. తువ్వాలు లాగుతుంటే నా వేళ్ళు వణుకుతాయేమో అని చూస్తున్నారు.

అక్కను అడిగాను. బండిలో ఉన్న మూడో మనిషి ఆమే. "నీ చెయ్యి వణికెనో లేదో నాకెట్ల తెలుసురా. నేను కండ్లు మూసుకొని మురుగా అంటా ఉన్నా" అంది. ఆ మాట అంటూ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

తిరువళ్ళూరులో ఆ టైర్ల అంగడికి పోయాను. అంగడి ఆయన నన్ను చూడగానే కుర్చీ వేయించాడు, అక్క సంగతి అడిగాడు. ఊరంతా తెలిసిన సంగతే. నీ అంగట్లో ఎన్ని టైర్లు వేసినావు అన్నాను. రెండు అన్నాడు, దాచలేదు. ఆ సైజులో చేతికి వచ్చినవి రెండే, మిగతా రెండు వచ్చేదానికి ఆలస్యమవుతుంది అని మేనల్లుడికి చెప్పాడట. రెండే వేసేటట్టుంటే వెనకకు వేసుకోండి అని కూడా చెప్పాడట.

"నేను వెనకకే వేస్తా అన్నాను పెద్దాయనా. మీవాడే, పూజకు పోతావుండాము, నిమ్మకాయ ముందర గదా పెట్టేది, పాత టైరుతో తొక్కిస్తే బాగుండదు, ముందరే వెయ్యి అన్నాడు. బండి వాళ్ళది. వెయ్యమంటే వేస్తాను. పాలిష్ పుయ్యమంటే పూస్తాను."

నిమ్మకాయ తొక్కడానికి. ఆ మాట విని నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషు పత్రికలు, చక్రాలను గంటల్లా మోగించడం, పడుగూ పేకా, అన్నీ అయిపోయి కడకు నా మర్యాద ఒక నిమ్మకాయ కింద పడింది. ఆ అంగడి ఆయన్ను, వచ్చి ఈ మాట మా అక్క ముందు ఒకసారి చెప్పు అని బతిమాలాను. ఆయన తల అడ్డంగా తిప్పాడు. ఇంకా రెండు టైర్లు మీవాడికే రావాల్సి ఉండాయి పెద్దాయనా, మీ ఇంటి సంగతి మీరు చూసుకోండి అన్నాడు.

షెడ్డులో కొక్కేనికి తగిలించి ఉండే తాళంచెవి ఆ తరువాత నాకు కనిపించలేదు. ఎవరూ తీసుకున్నామని చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే, ఎందుకు మామా ఇప్పుడు అని ఎంతో ప్రేమగా చెబుతారని తెలుసు. ప్రేమగా చెప్పే మాటకు ఎదురు మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇంతకంటే చిన్న సంగతి ఒకటుంది. చెప్పుకోవడానికి కూడా సిగ్గు. అప్పటి నుంచి మా ఇంట్లో నాకు కాఫీ సగం లోటాకే వస్తోంది. ఒలికిపోతుందని. అందరికీ నిండుగా, నాకు సగం. మొదటి రోజు పాలు తక్కువేమో అనుకున్నాను. రెండో రోజు మేనల్లుడి భార్య లోటా నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, మెల్లిగా తీసుకోండి పెదనాయనా అన్నప్పుడు అర్థమైంది. ఇదిగో, ఈ కాగితం మీద నా అక్షరాలు చూడండి. ఒక్క కొమ్ము వంకర పోయిందేమో చూడండి.

పెళ్ళి జరిగింది. ముందు రోజు సాయంత్రం నాదస్వరం వెనక బండి వచ్చింది. డెంటు తీయించి, రంగు వేయించారు. తెల్ల యూనిఫారం వేసుకున్న డ్రైవరు, టోపీ. వాడికి క్లచ్చి తెలియదు. నాదస్వరం ఆగినప్పుడల్లా బండి ఉలిక్కిపడి ఆగుతోంది, పెళ్ళికొడుకు తలపాగా కళ్ళ మీదికి జారుతోంది. మాడిన వాసన నాకు వీధి అవతల నుంచే తెలిసింది. నేను జనంలో నడుస్తున్నాను. నా వెనక సీట్లో ఒకప్పుడు పెళ్ళికొడుకై కూర్చున్న ఒకాయన నా భుజం తట్టి, ఏమి మామా, దింపేసినారా నిన్ను అన్నాడు. హాస్యానికే అన్నాడు. నేను జవాబు చెప్పే లోపు మేనల్లుడు పక్క నుంచి వచ్చి, లేదులేదు, మామాకు రెస్టు ఇచ్చినాము అన్నాడు.

అప్పుడే చూశాను. వెనక చక్రాల మీది వంపు రేకులు తీసేసి ఉన్నారు, బహుశా డెంటు పోక. లోపల టైర్లు బాగా కనిపిస్తున్నాయి. రేడియళ్ళు. రెండూ కొత్తవి, కాస్త బొజ్జతో. ముందు రెండు, వెనక రెండు, నాలుగూ ఒకే రకం. నేను చెప్పినట్టే.

పెళ్ళిలో గొడవ చేయకూడదని ఊరుకున్నాను. పెళ్ళి అయ్యాక అప్పగింతలు, ఆ తరువాత వియ్యంకుల రాకపోకలు. ఊరుకునేదానికి ఏదో ఒక కారణం ఉంటూనే వచ్చింది. కొన్ని నెలలు ఊరుకున్నాను. ఒక ఆదివారం పొద్దున మేనల్లుడు షెడ్డు తెరిచి, ఇంకెవరి పెళ్ళికో బండి కావాలన్నారని తానే నీళ్ళు పోసి కడుగుతున్నాడు. అక్క పెరటి గుమ్మంలో కూర్చుని బాగైన చేతితో కరివేపాకు దూస్తోంది. నా గదిలోంచి స్టూలు తెచ్చుకుని వెనక చక్రం పక్కన వేసుకుని కూర్చున్నాను.

ఆ రోజు నేను అరవలేదు. వాడు నా చేతుల్లో పెరిగినవాడు, అరిస్తే ఎట్లా తప్పించుకోవాలో వాడికి తెలుసు. ఒకే ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు, ఇంకెప్పుడూ అడగను అన్నాను. వాడు కుళాయి కట్టేశాడు.

"నా చెయ్యే వణికింటే, వెనక టైర్లు ఎందుకురా మార్చినావు?"

అక్క చెయ్యి కరివేపాకు మీద ఆగిపోయింది. వాడు తడి గుడ్డ పిండాడు, దులిపాడు, బానెట్టు మీద ఆరేశాడు. అబద్ధం వెతుక్కుంటున్నాడేమో అనుకున్నాను. కాదు. ఒకసారి వాళ్ళ అమ్మ వైపు చూసి, నా స్టూలు పక్కన గొంతుకూర్చుని, చిన్నప్పుడు పూండి గేట్ల దగ్గర నా నడుము పట్టుకున్నప్పటి గొంతుతోనే, మెల్లగా చెప్పాడు:

"టైర్లే మామా. ఆ పొద్దు గుంతలో ఉండంగానే నాకు తెలుసు. నీ చెయ్యి వణకలా. అయితే నాయన ఏమని చెప్పి పోయినాడు? నువ్వు స్టీరింగు పట్టుకునేంత వరకు అన్నాడు గదా. నువ్వుగా దిగేవాడివి కాదు, నిన్ను దించే ధైర్యం నాకు లేదు. దించింది ఆ గుంత. అది దేవుడిచ్చినట్టు వస్తే, టైర్లదే తప్పని చెప్పి మళ్ళీ నిన్ను ఎక్కించమంటావా?"